రంగుల కంటే ముందు రేకులు



అక్టోబర్ వచ్చిందంటే మన ఇళ్లలో క్రిస్మస్ లెక్క మొదలవుతుంది. ఏ గోడకు ఏ రంగు, గుమ్మానికి ఎంత నక్షత్రం, పిల్లల బట్టలు గాజువాకలోనే తీసుకోవాలా, పూర్ణా మార్కెట్ దాకా వెళ్లాలా. ఆ లెక్కలో పైకప్పు మాట మాత్రం ఎక్కడా రాదు. ఈసారి ఆ లెక్కను తిరగరాయమని అడగడానికే ఇది రాస్తున్నాను. రంగుల డబ్బు ముందు పైకప్పుకు పోవాలి, మిగిలింది గోడకు పోవాలి. ఇంటి లెక్కకే కాదు, సంఘం క్రిస్మస్ చందాకు కూడా ఇదే వరుస ఉండాలని నా అభిప్రాయం. కొందరికి ఇది నచ్చదని తెలుసు. చివరిదాకా చదివి, ఆ తర్వాత ఎదురుచెప్పండి.

చలికాలానికి ఇల్లు సిద్ధం చేసుకోవడమంటే చలిదేశాల్లో ఉన్న మన పిల్లలకు వేరే అర్థం. అక్కడ గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా చూసుకోవాలి, కిటికీ సందుల్లోంచి చలిగాలి రాకుండా మూసుకోవాలి. మనకు సముద్రం పక్కన చలి అంటే ఒక దుప్పటితో పోయేదే. మన చలికాలానికి ముందు వచ్చేది గాలి. ఆ గాలి వచ్చే నెలలు కూడా మనకు కొత్తవి కావు. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న. శ్రీకాకుళాన్ని ఊడ్చిపెట్టిన తిత్లీ 2018 అక్టోబర్ 11న. గులాబ్ కొంచెం ముందే, 2021 సెప్టెంబర్ 26న వచ్చింది. మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025లో మొంథా అక్టోబర్ 28 రాత్రి నరసాపురం వైపు దాటినా విశాఖలో మనల్ని తడపకుండా పోలేదు. సెప్టెంబర్ చివరి నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా, అంటే దసరాకీ క్రిస్మస్‌కీ మధ్య, మన ఇళ్లకు పరీక్ష కాలం. మనం ఇంటిమీద చెయ్యి వేసేది ఆ పరీక్ష అయిపోయాక, డిసెంబర్ రెండో వారంలో. పరీక్ష రాసి వచ్చాక పుస్తకం తెరిచినట్టు.

హుద్‌హుద్ వచ్చింది ఆదివారం నాడు. ఇది పాస్టర్లెవరూ మరిచిపోరు. మందిరాలు తెరవని ఆదివారం అది. మధ్యాహ్నం వేళ తుపాను విశాఖ మీదే తీరం దాటింది, గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో. దూరాన ఎక్కడో దాటి మనకు తోక తగిలిన తుపాను కాదది, కన్ను మన నెత్తిమీదుగానే పోయింది. అందుకే మధ్యలో కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చారు, ఎగిరిపోయిన రేకులు ఏరుకోవడానికి కొందరు రోడ్డెక్కారు. అప్పుడు రెండో సగం మొదలైంది, ఈసారి ఎదురువైపు నుంచి. మొదట ఈశాన్యం నుంచి కొట్టిన గాలి తర్వాత నైరుతి నుంచి కొట్టింది. మొదటి సగంలో ఒక పక్క వదులైన కప్పు రెండో సగంలో రెండో పక్క కూడా ఊడింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, రేకులు కట్టే దగ్గర మళ్లీ ఈ మాట వస్తుంది.

ఆ రోజు విమానాశ్రయం పైకప్పు చెదిరిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీకి కరెంటు పోయి ఉత్పత్తి నిలిచిపోయింది. కంబాలకొండ మీద, యూనివర్సిటీ ఆవరణలో, బీచ్ రోడ్డు పొడవునా చెట్లు నేలమీద పడుకున్నాయి. కరెంటు కోసం, నీళ్ల కోసం, పాల ప్యాకెట్ కోసం, పెట్రోలు కోసం నగరమంతా రోజుల తరబడి వరుసల్లో నిలబడింది. గాలి గుడి, మసీదు, చర్చి అని చూడలేదు. ఆ తర్వాత కొంతమంది బోధకులు ఇది ఫలానావారి పాపానికి శిక్ష అని చెప్పుకుంటూ తిరిగారు. ఆ మాట నాకు అప్పుడూ రుచించలేదు, ఇప్పుడూ రుచించదు. ఎవరి పాపమో లెక్కకట్టే పని మనకు ఎవరూ అప్పజెప్పలేదు. పక్కింటి విధవరాలి మీద రేకు పడితే అది ఎవరి కప్పు నుంచి ఊడి వచ్చిందో చూసుకోవడం మాత్రం మన పనే.

ధర్మశాస్త్రంలో ఇంత సూటిగా ఇల్లు గురించి చెప్పిన మాట ఒకటుంది, ప్రసంగాల్లో ఎందుకో తక్కువ వినిపిస్తుంది. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబాకు పిట్టగోడ కట్టించాలి. కట్టించకపోతే, అక్కడినుంచి ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. చూడండి, పడినవాడి అజాగ్రత్త గురించి అక్కడ ఒక్క మాట లేదు. ఇంటివాడినే అడుగుతుంది. ఆ ఒక్క వచనం నుంచి మన రేకుల దాకా పెద్ద దూరం లేదు. పిట్టగోడ లేని డాబా నుంచి మనిషి పడతాడు, బోల్టు లేని కప్పు నుంచి రేకు పడుతుంది. ఒక రేకు గాలిలో లేచిందంటే అది కత్తి. దాని అంచుకు మనిషి మెడ, గొడ్డు మెడ అన్న తేడా తెలియదు.

రేకు ఎందుకు లేస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో చాలామంది గాలి పైనుంచి నొక్కుతుందనుకుని రేకుల మీద రాళ్లు, ఇటుకలు పేరుస్తారు. గాలి కప్పు మీదుగా వేగంగా పోతున్నప్పుడు దాన్ని పైకి పీలుస్తుంది. గాలి వచ్చే వైపు తలుపో కిటికీయో తెరిచి ఉంటే ఆ గాలి లోపలికి దూరి కిందనుంచి కూడా తోస్తుంది. పైనుంచి పీల్చడం, కిందనుంచి తోయడం, రెండూ కలిస్తే కప్పు నిలవదు. అందుకే ముందు లేచేవి చూరు దగ్గరి రేకులు, మూలల్లో రేకులు, కొప్పు దగ్గరివి. మధ్యలో ఎన్ని బోల్టులు బిగించినా అంచుల్లో వదులుంటే లాభం లేదు. అంచు వరుసల్లో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఇనపరేకుకు బోల్టు పల్లంలో కాకుండా ఉబ్బు మీద పడాలి, లేకపోతే పారే నీళ్లన్నీ ఆ కన్నంలోనే దిగుతాయి. బోల్టు కింద వాషర్ ఎండకి చితికిపోయి ఉంటే మార్చాలి. అది టీ ఖర్చు కంటే ఎక్కువ కాదు. ఇక రేకుల మీద పేర్చిన విడి ఇటుకలు, విరిగిన రుబ్బురోలు, పాత టైర్లు. గాలి లేచాక అవి బరువు కాదు, తూటాలు. దించేయండి. బరువు పెట్టాలంటే ఇసుక బస్తాలు పెట్టి, వాటిని ఒకదానికొకటి తాడుతో కట్టండి. కప్పు మీదుగా ఇనుప తీగ వేసి భూమిలో గట్టిగా దింపిన గుంజలకు కడితే ఇంకా మంచిది. కానీ రెండు వైపులా కట్టాలి. గాలి రెండోసారి ఎటునుంచి వచ్చిందో చెప్పాను కదా.

సిమెంటు రేకులున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ రేకు మీద నేరుగా కాలు వెయ్యకండి. ఎంత పాతబడిందో పైనుంచి చూస్తే తెలియదు, ఫెళ్లుమని విరిగి మనిషి లోపలికి పడిపోతాడు. అడ్డంగా చెక్క వేసుకుని, ఆ చెక్క వాసాల మీద ఆనేట్టు చూసుకుని నడవాలి. ఆ రేకుల్ని రంపంతో కొయ్యాల్సి వస్తే నీళ్లు చల్లి కొయ్యండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నల్లటి నీళ్ల ట్యాంకు పైన ఉన్నవాళ్లు తుపాను కబురు రాగానే దాన్ని నిండా నింపి పెట్టండి. ఖాళీ ట్యాంకు పిల్లలు వదిలిన బుడగలా పోతుంది, నిండు ట్యాంకు కదలదు. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో తాగడానికి కాకపోయినా వాడకానికి ఆ నీళ్లే దిక్కు. ఇంటి మీదికి వాలిన కొబ్బరి చెట్టుంటే ఎండు మట్టలు, పండిన కాయలు ముందే దింపించండి.

ఇన్ని చెప్పాక ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఏటి పాస్టర్‌గారూ, దేవుడున్నాడు కదా, మనకేటి భయం?" ఈ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లలో చాలామందికి దేవుడు తప్ప నిజంగానే ఎవరూ లేరు. అయితే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవమంటాను. అది చలికాలం ముందటి కథే. ఆ రేవు చలికాలం గడపడానికి వీలుగా లేదని, ఫీనిక్సు దాకా పోదామని ఓడవాళ్లు అనుకున్నారు. ప్రయాణం వద్దని పౌలు చెప్పాడు, వినలేదు. దక్షిణపు గాలి మెల్లగా వీచింది, అంతా అనుకూలంగానే ఉందనుకున్నారు. ఆ మెల్లటి గాలిని మనం ప్రతి సెప్టెంబర్‌లో చూస్తున్నాం. తర్వాత తుపాను వచ్చింది. అప్పుడు వాళ్లు చేసిన పనుల్లో ఒకటి చూడండి, ఓడ విడిపోకుండా కిందినుంచి తాళ్లు చుట్టి కట్టారు. మనం రేకులకు కట్టమంటున్న తాడు లాంటిదే. ఆ తర్వాత దేవదూత వచ్చి ఒక్క ప్రాణం కూడా పోదని పౌలుకు మాట ఇచ్చాడు. మాట వచ్చేసింది కదా, ఇక చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. పౌలు కూర్చోలేదు. నావికులు పడవ దింపుకుని జారుకోబోతుంటే, వీళ్లు ఓడలో ఉండకపోతే మీరెవరూ బతకరని శతాధిపతిని హెచ్చరించాడు. ప్రాణాలు దక్కుతాయని దేవుడు చెప్పిన తర్వాత కూడా ఓడ నడపడం తెలిసినవాళ్లు కావాలి. వాగ్దానానికీ పనికీ ఆయన దగ్గర పేచీ లేదు. పేచీ మన బద్ధకం దగ్గర ఉంది, దానికి విశ్వాసం అని పేరు పెట్టుకుంటాం.

మన రేవునే చూడండి. విశాఖ పోర్టు తెరిచింది 1933లో. డాల్ఫిన్ నోస్ కొండ ఒక పక్క అడ్డుగా ఉన్నా అది చాలదనుకున్నారు కట్టినవాళ్లు. అలల దెబ్బ తగ్గించడానికి రెండు పాత ఓడల్ని రేవు ముఖద్వారం దగ్గర ముంచి అడ్డుకట్ట చేశారు. తుపాను కబురు వస్తే ఇప్పటికీ అక్కడ నంబర్ల ప్రకారం హెచ్చరికలు ఎగరేస్తారు, ఒకటి నుంచి పదకొండు దాకా. పది అంటే అతి పెద్ద ప్రమాదం. పదకొండు అంటే ఇక కబురు చెప్పే దారులే తెగిపోయాయని. మన సంఘంలో స్టీల్ ప్లాంటులో చేసే అన్నదమ్ములున్నారు. కోక్ ఓవెన్ ఒక్కసారిగా చల్లారితే లోపలి ఇటుక పగిలిపోతుందని, అందుకే అది పాడయ్యాక బాగుచేసేది కాదు, పాడవకముందే చూసుకునేదని వాళ్లే నాకు చెప్పారు. షట్‌డౌన్ అని తారీఖు పెట్టుకుని మరీ చేస్తారట. డ్యూటీలో అంత లెక్కగా ఉండే మనిషి ఇంటికొచ్చేసరికి "చూద్దాంలే, పండక్కి చూద్దాం" అంటాడు. వాళ్లు నవ్వుకుంటారనే రాస్తున్నాను.

ఇక గోడల సంగతి. రంగుల మీద నాకు కోపం లేదు, కానీ నెమ్ము మీద రంగు వేయడం మీద ఉంది. డిసెంబర్‌లో మనం చేసేది ఇదే. అక్టోబర్ వానకు తడిసిన గోడ ఆరకుండానే లప్పం పట్టి, రంగు కొట్టి, నక్షత్రం కట్టేస్తాం. సంక్రాంతికల్లా పొక్కులు, శివరాత్రికల్లా పెచ్చులు. లేవీయకాండం 14వ అధ్యాయంలో ఇంటి గోడకు పట్టే తెగులు గురించి ఉంది. గోడలో పచ్చగానో ఎర్రగానో చారలు కనబడితే ఇంటివాడు వచ్చి యాజకుడికి చెప్పాలి. యాజకుడు చూసి ఇల్లు ఏడు రోజులు మూసి ఉంచుతాడు. మళ్లీ వచ్చి చూస్తాడు. పాకిందంటే ఆ రాళ్లు పీకి ఊరి బయట పారేయించి, గోడ లోపలంతా గీకించి, కొత్త రాళ్లు పెట్టి కొత్త అడుసు పూయిస్తాడు. అప్పటికీ తిరిగొస్తే ఇల్లే పడగొట్టాలి. ఎంత ఓపిక చూడండి. చూడడం, ఆగడం, మళ్లీ చూడడం, గీకడం, ఆ తర్వాతే పూయడం. పైన పూసేసి కప్పెట్టడం ఆ వరుసలో ఎక్కడా లేదు. పెయింట్ డబ్బా కొనేముందు మన పిల్లలు ఈ అధ్యాయం చదివితే చాలా డబ్బు మిగులుతుంది.

శ్లాబు కారుతున్నవాళ్లకు నిజం చెప్పాలి. ఇప్పుడు వానల మధ్యలో దానికి పూర్తి మందు లేదు. ఆ పని ఈస్టర్ తర్వాత, ఏప్రిల్ మే ఎండల్లో, శ్లాబు ఎముకల దాకా ఆరినప్పుడు చెయ్యాలి. పగులు గీకి, దుమ్ము కడిగి, ఆరనిచ్చి, పూడ్చి, నీళ్లు నిలవకుండా వాలు చూసుకుని పైపూత వేయాలి. మన పెద్దలు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి గచ్చు చేసి రోజుల తరబడి కొట్టేవాళ్లు, ఆ డాబాలు కొన్ని ఇప్పటికీ కారవు. ఇప్పుడు చేయగలిగింది డాబా మీది నీటి తూములు తెరవడం. జ్ఞానాపురం, పాత పోస్టాఫీసు వైపు మన బంధువుల డాబాల మీద పోర్టు బొగ్గు దుమ్ము, వేపాకు కలిసి నల్లటి ముద్దలా తూము దగ్గర పేరుకుంటుంది. పల్లెల్లో అయితే ఆకులు, కాకి తెచ్చిన పుల్లలు. ఆ ముద్ద ఒక గంటలో తీసేయవచ్చు. తీయకపోతే శ్లాబు మీద చెరువు నిలిచి, ఉప్పుగాలికి ముందే వీకైన ఊచల దాకా నీళ్లు దిగుతాయి. ఇనుముకంటే తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడి పడతాయి. ఊయల కట్టిన చోట, మంచం వేసిన చోట పైన పెచ్చు లేచి ఉందేమో ఈ రాత్రే టార్చి వేసి చూడండి. లేచి ఉంటే మంచం జరపండి. ఇందుకు తాపీమేస్త్రీ అక్కర్లేదు.

కరెంటు గురించి ఎక్కువ రాయను. తడిగోడ మీద చెయ్యి పెడితే జిల్లుమంటే అది గోడ తప్పు కాదు, వైరింగు తప్పు. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి, మీ బావమరిదిని కాదు. ఎర్త్ లేని ఇంట్లో షాకు కొట్టే సమయానికి ఆపేసే ట్రిప్ స్విచ్ కూడా ఉంటే మంచిది.

అరకు, పాడేరు, చింతపల్లి వైపు బంధువులున్నవాళ్లకు వేరే మాట. అక్కడ చలి నిజమైన చలి, లంబసింగి సంగతి మీకు తెలిసిందే. డిసెంబర్ రాత్రుల్లో తలుపులు బిడాయించి లోపల కుంపటి పెట్టుకుని పడుకుంటారు. బొగ్గు కాలే గదిలో వాసన లేని విషగాలి చేరుతుంది. దగ్గు రాదు, ఉక్కిరిబిక్కిరి అనిపించదు, నిద్రలోనే మనిషి పోతాడు. కుంపటి పడుకునేముందు బయట పెట్టండి, చూరు కింద గాలి ఆడే సందు మూయకండి. బాత్రూములో గ్యాస్ గీజర్ పెట్టుకున్న పట్నం పిల్లలకు కూడా ఇదే మాట.

ఇప్పుడు కొంచెం కటువుగా రాయాల్సిన చోటికి వచ్చాను. మన సంఘంలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు. కూర్మన్నపాలెం, పెదగంట్యాడ వైపు వరుసగా రేకుల గదులు వేసి కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చినవాళ్లు, ఊళ్లో పాత పెంకుటిల్లు అద్దెకిచ్చినవాళ్లు. కారుతుందని అద్దెకున్నవాళ్లు చెబితే "ఉంటే ఉండండి, లేకపోతే ఖాళీ చెయ్యండి" అనే జవాబు నా చెవిన పడింది. పిట్టగోడ వచనం ఇల్లు ఎవరు వాడుకుంటున్నారని అడగలేదు, ఎవరిదని అడిగింది. అద్దె తీసుకున్న చెయ్యే బోల్టు కూడా బిగించాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున అద్దె అడిగినంత గుర్తుగా ఏడాదికి ఒక్కసారి, దసరాకి ముందు, నిచ్చెన వేసి కప్పు చూడమనడం పెద్ద కోరిక కాదు. ఆ పని చేయని ఇంటి యజమాని క్రిస్మస్ చందాలో మొదటి పేరుగా పెద్ద అంకె రాయించుకుంటే, ఆ అంకె చదివేటప్పుడు నా గొంతు పెగలదు.

చందా మాట వచ్చింది కాబట్టి రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం. యోవాషు రాజు మందిరం బాగుచేయమని యాజకులకు చెప్పాడు. డబ్బు వసూలైంది. ఇరవై మూడో ఏడు వచ్చినా ఒక్క పగులు పూడ్చలేదు. మా యాజకులు అప్పుడూ అలాగే ఉండేవారన్నమాట. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తీసుకుని మూతకు కన్నం చేసి బలిపీఠం పక్కన పెట్టాడు. ఆ డబ్బు నేరుగా వడ్రంగులకు, తాపీవాళ్లకు, రాళ్లు చెక్కేవాళ్లకు పోయింది. దానితో వెండి పాత్రలు, బాకాలు చేయించలేదని అక్కడ ప్రత్యేకంగా రాసి ఉంది. మరమ్మతు జరిగేటప్పుడు ఆభరణాలకు ఖర్చు లేదు. పనివాళ్లు నమ్మకంగా ఉన్నారు కాబట్టి లెక్క కూడా అడగలేదట, అది చదివి మన కోశాధికారి కంగారు పడనక్కర్లేదు, మనం అడుగుతాం.

నా ప్రతిపాదన ఇదే. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి మందిరంలో ఒక పెట్టె. ఆ పెట్టెలో పడిన డబ్బు మొదట మన సంఘంలోని విధవరాళ్ల ఇళ్లకు, మంచాన పడినవాళ్ల ఇళ్లకు, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు రేకులు, బోల్టులు, తీగలు కొనడానికి. వాళ్లు మన ఆరాధనకు వచ్చేవాళ్లా కాదా అని చూడవద్దు. గాలి చూడదు కదా. అది అయ్యాక మిగిలినదానితో క్రిస్మస్. యవనస్థులకు ఇది బాధ కలిగిస్తుంది, మందిరం శిఖరం నుంచి గేటు దాకా లైట్లు కట్టాలని వాళ్ల ఆశ. ఆ ఆశను నేను చిన్నచూపు చూడను. ఏడాదంతా మట్టిలో, ఇనుములో పనిచేసే ఇళ్ల పిల్లలకు ఒక్క రాత్రి ఆ వెలుగు కావాలి. పక్క ఊరి మందిరం కంటే మనది తక్కువ కాకూడదన్న పట్టుదల కూడా ఉంది, అది మాత్రం తగ్గితే మంచిది. లైట్లు కడదాం. సగమే కడదాం ఈ ఏడు. చూరు కింద గిన్నెలు పెట్టుకుని పడుకునే ముసలమ్మ ఇంటికి కారల్స్ పాడుకుంటూ వెళ్లి నిలబడ్డప్పుడు, పైనుంచి నీళ్ల బొట్టు మన గిటారు మీద పడకుండా ఉంటే చాలు.

పని ఎవరు చేస్తారన్నది చివరి ప్రశ్న. నెహెమ్యా 3వ అధ్యాయంలో గోడ కట్టినవాళ్ల పేర్లు ఉన్నాయి, చాలామంది చదవకుండా దాటేస్తారు. చాలామంది ఎవరి ఇంటి ఎదురుగా ఉన్న ముక్క వాళ్లు బాగుచేసుకున్నారు. షల్లూము తన కూతుళ్లతో కలిసి కట్టాడు. కాబట్టి ఆడపిల్లలు కింద నిలబడి టీ అందించాలనే ఆచారం ఈసారి పక్కన పెడదాం, బోల్టు బిగించడానికి మీసం అక్కర్లేదు. తెకోవవాళ్ల పెద్దలు మాత్రం ఆ పనికి మెడ వంచలేదట. వాళ్ల సంగతి కూడా రాసి పెట్టారు.

సంఘ పెద్దలు ఒప్పుకుంటే వచ్చే శనివారం పొద్దున ఏడింటికి మొదలు పెడదాం. చెరువుగట్టు కింద ఉన్న నాలుగు రేకుల ఇళ్లు ముందు, అవి పల్లంలో ఉన్నా గాలికి ఎదురుగా ఉన్నాయి. తర్వాత మాలపల్లి చివర రెండు తాటాకిళ్లు, వాటికి తాళ్లు, కమ్మలు కావాలి. స్టీల్ ప్లాంటులో వెల్డింగు చేసే తమ్ముళ్లు శనివారం ఆఫ్ ఉన్నవాళ్లు చెప్పండి. వాన పడితే పైకి ఎక్కం, తడి రేకు మీద ఎవరినీ ఎక్కనివ్వను, ఆదివారం ఆరాధన తర్వాతికి వాయిదా వేసుకుందాం. మందిరంలో నిచ్చెనలు రెండే ఉన్నాయి, ఒకదానికి మెట్టు విరిగింది. మంచి నిచ్చెన ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రానికల్లా మందిరం దగ్గరికి చేర్చండి.